శక 1130ని క్రీ.శ. 1130 చేసేయకండి

మొన్న రాత్రి పదకొండింటికి సూర్యాపేట నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఎల్లుండి థీసిస్ ఇయ్యాలి, తేదీలన్నీ తప్పంటున్నరు" అంటూ ఏడుపు. ఫుట్‌నోట్ ఫొటో పంపమన్నాను. పిల్లలమర్రి శాసనం (పాలమూరు మర్రిచెట్టు కాదు, సూర్యాపేట పక్కనున్న ఊరు), పక్కన "క్రీ.శ. 1130, గణపతిదేవుని కాలం" అని ఉంది. తన దగ్గరున్న శాసన పాఠం జిరాక్స్‌లో చూస్తే ఉన్నది "శ. 1130", అంటే శక 1130. ముందున్న "క్రీ." జిరాక్స్‌లో పోయిందేమో అనుకుని తనే చేర్చింది! కాకతీయ గణపతిదేవుడు గద్దెనెక్కిందే 1199లో. 1130లో పాలిస్తున్నది రెండో ప్రోలరాజు.

థీసిస్‌లు దిద్దే పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా తగిలే తప్పు ఇదే.

అపోహ: శకం అంటే క్రీస్తు శకమే.
వాస్తవం: మన కాకతీయ శాసనాల్లో "శకవర్షములు" అంటే శాలివాహన శకం. దానికి 78 కలిపితే క్రీ.శ. వస్తుంది. 1130 అంటే 1208.

అయితే "78 కలిపితే అయిపోయింది" అని ఒకరి నుంచి ఒకరికి పాకిన మాటను కూడా నమ్మకండి, నెల చూడాలి. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి మళ్లీ ఉగాది దాకా పడే తిథులకు 79 కలపాలి. కాకతీయ రుద్రదేవుని అనుమకొండ (నేటి హనుమకొండ) శాసనం శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. 78 కలిపితే 1162, కానీ అసలు తేదీ 1163 జనవరి. నెల తెలియకపోతే "శక 1130 (క్రీ.శ. 1208-09)" అని రాయండి. శాసనంలో ఉన్న అంకె ముందు, మీ లెక్క బ్రాకెట్లో. రేపు మీ లెక్క తప్పని తేలినా మూలం చెడదు. చిత్రభాను లాంటి సంవత్సరం పేరు ఉంటే వదలకండి, అరవై ఏళ్ల చక్రంతో సరిచూసుకోవచ్చు.

నల్లగొండ దగ్గరి పానగల్లు వైపు శాసనాల మీద పనిచేసేవాళ్లకు ఇంకో గుంట ఉంది. "చాళుక్య విక్రమ వర్షం 33" అని కనబడగానే విక్రమ శకం అనుకుని 57 తీసేస్తారు, కల్యాణి చాళుక్యులు కాస్తా క్రీ.పూ.లోకి పోతారు! అది ఆరో విక్రమాదిత్యుడు 1076లో మొదలుపెట్టిన లెక్క. 1075 కలపండి, 1108 వస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్రీ.పూ.కు ఇంగ్లిష్‌లో బీసీ అని రాస్తే థీసిస్ తిప్పి పంపుతారన్నది పుకారు; క్రీ.పూ.-క్రీ.శ.లకు బీసీ-ఏడీ అయినా బీసీఈ-సీఈ అయినా మీ విభాగం అడిగిన జత ఒకటే చివరిదాకా వాడండి. ఇంగ్లిష్‌లో ఏడీ అంకెకు ముందు, మిగతా మూడూ తర్వాత. ఈ పొడి అక్షరాల మధ్య ఏపీఏ రచనా శైలిలో చుక్కలుంటాయి, షికాగో శైలిలో ఉండవు. సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1, కాబట్టి అటు నుంచి ఇటు ఏళ్లు లెక్కపెడితే ఒకటి తగ్గించాలి. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో ఉండే ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి, నెలను బట్టి 591. హిజ్రీకి మాత్రం ఇలా ఒకే అంకె కలిపితే కుదరదు, అది చాంద్రమానం, ఏడాదికి సుమారు 354 రోజులే.

ఆ అమ్మాయి థీసిస్‌లో పదకొండు చోట్ల మార్చాం. "పేరు పోతదా సార్" అని మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది. పోదమ్మా, పరిశోధన నీదే, అంకె ఒక్కటే జారింది అన్నాను. రెండున్నరకు చివరి పేజీ ఫొటో వచ్చింది. ప్రతి "శ." పక్కనా పెన్సిల్‌తో నెల పేరు రాసుకుంది, నెల లేనిచోట చిన్న గీత పెట్టుకుంది.