హద్దు దాటిన పాత్రకు శిక్ష పడాల్సిందేనా? ఈ గొడవ ఎక్కడ మొదలైంది

నవలలో ఒకావిడ కాపురం వదిలి వెళ్లిపోతుంది. లేదంటే ఒకతను అప్పుల బాధ తట్టుకోలేక దొంగ సంతకం పెడతాడు. పుస్తకం ముగిసేసరికి వాళ్లకేమీ కాదు, బాగానే ఉంటారు. ఇక గొడవ మొదలు. రచయిత ఈ పనిని సమర్థిస్తున్నట్టేగా అని కొందరు అడుగుతారు. పాత్ర చేసిన పనికి రాసినవాడు సంజాయిషీ చెప్పుకోవాలా అని మిగతావాళ్లు ఎదురు ప్రశ్నిస్తారు. ఏ కొత్త నవలో, వెబ్ సిరీసో వచ్చినప్పుడల్లా ఇది లేస్తూనే ఉంది, మళ్లీ లేచింది. తిట్టుకునే మనుషులు కొత్తవాళ్లేగానీ రెండు వైపులా వాడుతున్న వాదనలు మాత్రం నూట అరవై ఏళ్లకు పైబడినవి.

ఇలాంటి వ్యాసాన్ని సీత దాటిన గీతతో మొదలుపెట్టడం ఆనవాయితీ. అందరికీ తెలిసిన కథే కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఒక్క విషయం మాత్రం చెప్పుకోవాలి. వాల్మీకి రామాయణంలో ఆ గీత లేదు. ఆమె కష్టం మొదటినుంచీ ఉంది. ఆ కష్టంలో ఆమె తప్పు కూడా ఉందనిపించే గీత తర్వాతి కథకుల చేతిలో వచ్చి చేరింది.

ఇవాళ్టి వాదనలు అర్థం కావాలంటే మనం వెళ్లాల్సింది 1857 జనవరి నెలాఖరున పారిస్‌లోని ఒక కోర్టు హాలుకి. గుస్తావ్ ఫ్లాబేర్ నవల 'మదాం బోవరీ' అంతకుముందు ఏడాది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 'రెవ్యూ ద పారీ' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పల్లెటూరి డాక్టరు భార్య ఎమ్మా, విసుగు పుట్టించే కాపురం, ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు ప్రియులు, పెరిగిపోయిన అప్పులు, చివరికి ఆర్సెనిక్ మింగి చావడం. పత్రికవాళ్లే భయపడి కొన్ని ఘట్టాలు కోసేశారు. తెరలు వేసిన గుర్రబ్బండిలో ఎమ్మా ప్రియుడితో ఊరంతా తిరిగే ఘట్టం అలాగే పోయింది. అయినా ప్రభుత్వం ఊరుకోలేదు. ప్రజల నీతికీ మతానికీ భంగం కలిగించారంటూ రచయితతో పాటు పత్రిక నిర్వాహకుణ్ణీ, అచ్చు వేసినవాణ్ణీ బోనెక్కించింది.

ప్రాసిక్యూటర్ పేరు ఎర్నెస్ట్ పినార్. సాహిత్య చరిత్రలో ఈయనకు మూర్ఖుడి వేషమే దక్కింది. అదే ఏడాది ఆగస్టులో బోదిలేర్ కవితల మీద కూడా వాదించి 300 ఫ్రాంకుల జరిమానా వేయించి, ఆరు కవితలు తీయించేసిన మనిషి కాబట్టి ఆ పేరు రావడంలో వింతేమీ లేదు. కానీ ఆయన మొద్దు పాఠకుడు కాడు. ఆ రోజు కోర్టులో నవలను అందరికంటే శ్రద్ధగా చదివింది ఆయనే అని కూడా అనిపిస్తుంది. ఈమెను తప్పుపట్టే అర్హత ఉన్న మనిషి ఈ పుస్తకం మొత్తంలో ఒక్కడైనా ఉన్నాడా అని ఆయన అడిగాడు. భర్త ఆమె చనిపోయాక ఇంకా ఎక్కువగా ప్రేమిస్తాడు. మతగురువు వట్టి హాస్యపాత్ర. కథ చెప్పే గొంతు మంచిచెడ్డల మాటే ఎత్తదు. పోనీ చావు ఉందిగా అంటే, అదీ శిక్ష కాదన్నాడు పినార్. తాను పోవాలనుకున్న రోజున, వయసూ అందమూ తరగకముందే, తానే ఎంచుకుని పోయిందన్నాడు.

ఆయన తప్పటడుగు వేసింది ఇంకో చోట. తనకో ప్రియుడున్నాడని ఎమ్మా అద్దం ముందు మురిసిపోయే పేజీ ఒకటుంది. అక్కడ ఆ సంబరమంతా ఆమెది. అయితే 'అని ఆమె అనుకుంది' లాంటి తోక తగిలించకుండానే ఫ్లాబేర్ చాలా వాక్యాలు రాసుకుపోయాడు. పినార్ ఆ సంబరాన్ని రచయిత ఖాతాలో వేసేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ ఈ పొరపాటునే పట్టిచూపించాడు. పాత్ర మాటల్ని కత్తిరించి 'రచయిత ఏం రాశాడో చూడండి' అని తిప్పే ప్రతి స్క్రీన్‌షాట్‌కీ మూలపురుషుడు పినారే.

ఫ్లాబేర్ తరఫు లాయరు జూల్ సెనార్ చిన్నవాడేమీ కాదు. 1848లో జాతీయ శాసనసభకు అధ్యక్షుడిగా, తర్వాత ఆంతరంగిక వ్యవహారాల మంత్రిగా చేసినవాడు. నాలుగు గంటలపాటు వాదించాడు. ఆయన వాదన సారం ఒక్కటే: ఇది నీతి పుస్తకం. తప్పుదారి పట్టిన ఆడది ఎంత నరకం అనుభవించి చచ్చిందో చూపించి, చదివేవాళ్లకు చెడు మీద రోత పుట్టిస్తుంది. ఫిబ్రవరి 7న కోర్టు రచయితను గట్టిగా మందలించి, శిక్ష లేకుండా వదిలేసింది. ఏప్రిల్‌లో నవల పుస్తకంగా వచ్చింది. ఫ్లాబేర్ దాన్ని సెనార్‌కు అంకితమిచ్చాడు.

అసలు మలుపు ఈ విడుదలే అని నాకనిపిస్తుంది. బోదిలేర్ ఓడిపోయాడు కాబట్టి ఆయన కేసు ఎవరికీ సూత్రం కాలేదు. ఫ్లాబేర్ గెలిచాడు, గెలిపించిన వాదన నిలిచిపోయింది. హద్దు దాటే పాత్రను రాసుకోవచ్చు, కానీ చివర్లో ఆ పాత్ర బాకీ తీర్చాలి. కష్టమే ఆ బాకీ. నవలను కాపాడటానికి ఒక ప్లీడరు అప్పటికప్పుడు తొడిగిన అర్థం, తర్వాత నవలలన్నిటికీ కొలబద్ద అయి కూర్చుంది.

నిజానికి ఆ పుస్తకం చెప్పే లెక్క వేరు. ఎమ్మాను చావుదాకా తరిమింది ప్రేమ వ్యవహారాలు కావు. ఊళ్లో బట్టల వ్యాపారి ఒకడు అరువు మీద అరువిచ్చి, నోటు మీద నోటు రాయించుకుంటూ పోయాడు. చివరికి 8,000 ఫ్రాంకులు 24 గంటల్లో కట్టాలని, లేకపోతే జప్తని కాగితం వచ్చింది. ఆమె రెండో ప్రియుణ్ణి అడిగింది. నోటరీ దగ్గరికి వెళ్లింది, వాడు డబ్బుకు బదులు ఆమెనే కోరాడు. మొదటి ప్రియుడు రొడాల్ఫ్‌ను 3,000 అడిగింది, తన దగ్గర లేవన్నాడు. విషం దొరికింది ఊరి మందుల దుకాణంలో. ఆ దుకాణం యజమానికి ప్రభుత్వ పతకం రావడంతో నవల ముగుస్తుంది. ఎమ్మా కూతురు నూలుమిల్లులో కూలికి చేరుతుంది. అప్పిచ్చినవాడి వ్యాపారానికి ఏ లోటూ రాదు. ముగింపే తీర్పు అనుకుంటే, పతకం అందుకున్నవాడు ఏ పుణ్యం చేసుకున్నట్టు? ఈ ప్రశ్నకు సెనార్ వాదనలో చోటు లేదు.

ఆ కొలబద్దకు మొదటి పెద్ద దెబ్బ 1879 డిసెంబరులో తగిలింది. నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం 'డాల్స్ హౌస్'లో నోరా, జబ్బుపడిన భర్తను బతికించుకోవడానికి తండ్రి సంతకం తానే పెట్టి అప్పు తెస్తుంది. సంగతి బయటపడ్డాక భర్త అసలు రంగు చూసి, అతన్నీ ముగ్గురు పిల్లల్నీ వదిలేసి వెళ్లిపోతుంది. చావదు, పశ్చాత్తాపపడదు. జర్మనీలో నోరా వేషం కట్టాల్సిన హెడ్విగ్ నీమన్-రాబె అనే నటి, నేనైతే నా పిల్లల్ని వదలను, ఈ ముగింపు ఆడను అని భీష్మించింది. అప్పటికి ఇబ్సెన్‌కు అక్కడ కాపీరైట్ రక్షణ లేదు. ఎవరో చెడగొట్టేకంటే తానే నయమనుకుని 1880లో ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో భర్త నోరాను పిల్లల గది దగ్గరికి తీసుకెళ్తాడు, ఆమె అక్కడే కూలబడిపోతుంది, తెర పడుతుంది. ఈ మార్పును అనాగరికమైన దౌర్జన్యమని తర్వాత ఇబ్సెనే తిట్టిపోశాడు. ఇక్కడ సర్కారు లేదు, కోర్టు లేదు. కళాకారులే సెనార్ సూత్రాన్ని తమంతట తాము అమలు చేయడం మొదలుపెట్టారు.

నోరా కథకు ప్రేరణ అయిన లారా కీలర్ అనే రచయిత్రి ఇబ్సెన్‌కు తెలిసిన మనిషే. క్షయ వచ్చిన భర్త కోసం రహస్యంగా అప్పు చేసింది. అది బయటపడ్డాక ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ముగింపు నమ్మేలా లేదన్నవాళ్లకు నిజజీవితంలో ఏం జరిగిందో తెలిసుంటే బహుశా తృప్తిపడేవారు.

శిక్ష పడితే సరిపోతుందా అంటే, అదీ లేదు. 1891లో థామస్ హార్డీ 'టెస్' రాశాడు. చెరచబడిన పేదింటి పిల్ల, బిడ్డను పోగొట్టుకుని, భర్త వదిలేస్తే చివరికి హత్య చేసి ఉరికంబం ఎక్కుతుంది. ఇంతకంటే పెద్ద బాకీ ఎవరు తీర్చగలరు? అయినా గగ్గోలు రేగింది, ఎందుకంటే హార్డీ ఉపశీర్షికలో ఆమెను 'పవిత్రమైన స్త్రీ' అన్నాడు. ఉరి వేసినా సరిపోలేదు, నింద కూడా వేయాల్సిందే. పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడైతే ఇంకా నవ్వొస్తుంది. కథానాయకుడు పాలు పితికే అమ్మాయిల్ని చేతుల్లో ఎత్తుకుని నీళ్లు దాటించే ఘట్టం చూసి సంపాదకులు ఉలిక్కిపడ్డారు. హార్డీ ఆ అమ్మాయిల్ని తోపుడుబండి ఎక్కించాల్సి వచ్చింది.

హాలీవుడ్ ఈ సూత్రాన్ని ఏకంగా నియమావళిగా రాసుకుంది. 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ 1968లో పోయే దాకా, నేరం చేసినవాడు తెర మీద తప్పించుకోవడానికి వీల్లేదు.

తెలుగులో ఈ చర్చ చలం దగ్గర ఆగకుండా పోదు. 1927 నాటి 'మైదానం'లో రాజేశ్వరి వకీలు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది, ఆ కథను తానే తన నోటితో చెబుతుంది. పినార్ భయపడినట్టు, తీర్పు చెప్పే గొంతు ఇక్కడ అసలే లేదు. నన్ను ఎక్కువగా ఆకర్షించేది తర్వాత జరిగిన విషయం. చలం 1950లో అరుణాచలం వెళ్లి, 1979లో చనిపోయేవరకూ అక్కడే ఉండిపోయాడు. దాన్ని పశ్చాత్తాపంగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఎదురవుతుంటారు. పాత్ర తీర్చలేదనుకున్న బాకీని రచయిత నుంచి వసూలు చేసుకోవడమే ఇది. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని విషయంలోనూ దాదాపు ఇంతే. 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చు వేయిస్తే, అశ్లీలమంటూ నిషేధించారు. అది 1947లో గానీ తొలగలేదు. కావ్యంలో రాధ ఏం చేసిందన్నదాని కంటే, రాసినావిడా వేయించినావిడా దేవదాసీలన్నదే అప్పట్లో ఎక్కువ నలిగింది.

కోర్టుల్లో మన దగ్గర దారి కొంత వంకరగా సాగింది. 1960లో లండన్ జ్యూరీ డి.హెచ్. లారెన్స్ నవల 'లేడీ చాటర్లీస్ లవర్'ను నిర్దోషిగా తేలిస్తే, 1964లో మన సుప్రీంకోర్టు అదే పుస్తకం అమ్మిన బొంబాయి వ్యాపారుల శిక్షను ఖాయం చేసింది. అందుకు, తేలిగ్గా చెడిపోయే మనసుల్ని ఈ రాత పాడుచేస్తుందా అని చూసే 1868 నాటి ఇంగ్లిష్ కొలమానాన్ని వాడింది. అది పక్కకు పోవడానికి 2014 దాకా పట్టింది. ఇప్పటి గొడవకు దగ్గరి తీర్పు మాత్రం 2018 సెప్టెంబరుది. ఎస్. హరీశ్ మలయాళ నవల 'మీశ' సీరియల్‌గా వస్తుండగా, గుడికి వెళ్లే ఆడవాళ్ల గురించి రెండు పాత్రలు చెప్పుకున్న మాటల మీద రభస అయి మూడు అధ్యాయాలకే ఆగిపోయింది. పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. పాత్రల మధ్య నడిచిన సంభాషణను నవలలోంచి ఊడబెరికి చూడలేమంది. పినార్ చేసిన పొరపాటుకు నేరుగా జవాబు దొరికింది ఇక్కడే. సెనార్ సూత్రానికి మాత్రం ఏ కోర్టూ ఇంకా అంత సూటిగా జవాబు చెప్పలేదు.

అభ్యంతరం చెప్పేవాళ్లందరూ నీతి పోలీసులు కారు. ఆడపిల్లను వెంటపడి కొట్టే మగాణ్ణి హీరోగా నిలబెడితే కోపం రావడం న్యాయమే. అయితే అక్కడ అడగాల్సింది వాడికి చివర్లో శిక్ష పడిందా అని కాదు, దెబ్బ తిన్న అమ్మాయి కథకు కనిపించిందా లేదా అని. చివరి పది నిమిషాల్లో జైలుకి పంపించినంత మాత్రాన ముందున్న రెండు గంటలు మారవు.

పెరుమాళ్ మురుగన్ తమిళ నవల 'మాదొరుబాగన్' సంగతి ఈ చర్చలో ఎందుకో తక్కువగా వస్తోంది. పిల్లలు లేరని ఊరంతా పొడుస్తున్న మాటలతో నలిగిపోయిన పొన్నా, భర్త కాళి ఒప్పుకున్నాడని అన్న చెప్పిన అబద్ధం నమ్మి, తిరుచెంగోడు జాతర రాత్రి పరాయి మగాడి దగ్గరికి వెళ్తుంది. కాళికి సంగతి తెలిసేచోట నవల ఆగిపోతుంది. 2014 చివర్లో దాని మీద ఆందోళనలు మొదలై ప్రతులు తగలబెట్టారు. 2015 జనవరిలో, తనలోని రచయిత చనిపోయాడని మురుగన్ ప్రకటించాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు, ఆయన మళ్లీ రాయాలని చెబుతూ కేసు కొట్టేసింది. అయితే ఆ ముగింపు తర్వాత ఏమవుతుందో మురుగన్ 2014లోనే రాసేశాడు, అదీ రెండు విడి నవలలుగా. ఒకదానిలో కాళి ప్రాణం తీసుకుంటాడు. ఇంకోదానిలో బతికి, పొన్నాతో మాట్లాడటం మానేస్తాడు. రెండింటిలోనూ పొన్నాకు కష్టం తప్పదు. నిరసనకారులు వేలెత్తి చూపింది ఆ రెండు పుస్తకాల వైపు కాదు, మొదటి నవలలోని ఆ ఒక్క రాత్రి వైపు.