మాస్కు కప్పితే చాలదు, అతకాలి: పనిచోట రెస్పిరేటర్ల గురించి అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లా గ్రానైట్ కటింగ్ షెడ్లలోనూ, హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమల్లోనూ భద్రతాధికారిగా పనిచేసిన ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏ కంపెనీ మాస్కు కొనమంటారు?" నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. అక్కడి గాలిలో ఏముంది, ఎంత ఉంది, మనిషి బతకడానికి సరిపడా ఆక్సిజన్ ఉందా, ఎంచుకున్న మాస్కు ఆ కార్మికుడి ముఖానికి సందు లేకుండా అతుకుతోందా అన్నవి తేలాకే కంపెనీ పేరుతో పని. ఈ వరుస తలకిందులైన చోటల్లా మాస్కు వేసుకుని కూడా మనుషులు జబ్బుపడటం చూశాను. అందుకు కారణమయ్యే నమ్మకాల్లో నాకు తరచుగా ఎదురయ్యేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముక్కుకు, నోటికి గుడ్డ అడ్డం ఉంటే దుమ్ము లోపలికి పోదు.

వాస్తవం: కంటికి కనిపించే దుమ్మును గుడ్డ కొంతవరకు ఆపుతుంది, కానీ ఊపిరితిత్తులను పాడుచేసేది కంటికి ఆనని దుమ్ము. రాయి కోసేటప్పుడు లేచే పెద్ద రేణువులు కాసేపటికే నేలకు దిగుతాయి, లేదా ముక్కులో, గొంతులో చిక్కుకుని కఫంతో బయటికి వచ్చేస్తాయి. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి, ముఖ్యంగా నాలుగు మైక్రాన్ల లోపువి, గంటలకొద్దీ గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదుల దాకా వెళ్తాయి. మధ్యాహ్నం భోజనాలకు యంత్రాలు ఆపాక, షెడ్డు పైరేకుకున్న చిల్లులోంచి ఎండ కడ్డీలా దిగే చోట నిలబడి చూడండి. అంతసేపూ ఖాళీగా కనిపించిన గాలిలో ఆ వెలుగు మేరకు సన్నని పొగలా ఏదో కదులుతూ ఉంటుంది. కండువా పోగుల మధ్య సందు ఆ రేణువులకు వీధి గుమ్మమంత. సర్జికల్ మాస్కు కూడా ఈ పనికి రాదు, ఎందుకంటే దాని అంచులు బుగ్గలకు ఆనవు.

గ్రానైట్‌లో, పలుగురాయిలో ఉండే స్ఫటిక సిలికాకు అమెరికా 2016లో నిర్ణయించిన పరిమితి, ఎనిమిది గంటల సగటున, ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. సన్న ఉప్పులో ఒక్క రవ్వ ఇంచుమించు అంత తూగుతుంది. ఈ దుమ్ము చేరి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు, పని మానేశాక కూడా అది ముదురుతూనే ఉండవచ్చు, పైగా క్షయ సోకే ముప్పును పెంచుతుంది. అందుకే నీళ్లు పెట్టి కోయడం, దుమ్ము లేచిన చోటే దాన్ని లాగేసే ఏర్పాటు చేయడం ముందు జరగాలి. అవన్నీ చేశాక కూడా మిగిలిన దుమ్ముకే రెస్పిరేటర్, అంటే పీల్చే గాలిని వడకట్టే మాస్కు.

అపోహ: పని దిగాక బెల్లం ముక్క తింటే పీల్చిన దుమ్ము దిగిపోతుంది.

వాస్తవం: బెల్లం పోయే దారి కడుపుకు, దుమ్ము పోయిన దారి ఊపిరితిత్తులకు. ఆ రెండూ గొంతు దగ్గరే విడిపోతాయి. గొంతులో గరగర తగ్గవచ్చు గానీ, గాలిగదుల్లో చేరిన సిలికాను బెల్లం గానీ, అరటిపండు గానీ, పాలు గానీ కదిలించలేవు. బెల్లం పంచే యాజమాన్యాన్ని నేను తప్పుపట్టను, కానీ బెల్లం పంచి ఎగ్జాస్ట్ ఫ్యాను మరమ్మతును వాయిదా వేయడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

అపోహ: ఎన్95 మాస్కు 0.3 మైక్రాన్ల కన్నా చిన్న కణాలను ఆపలేదు. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు.

వాస్తవం: ఫిల్టరు జల్లెడ కాదు. పెద్ద కణాలు సూటిగా వెళ్లి పోగులకు గుద్దుకుంటాయి, మరీ చిన్నవి గాలిలో అటూ ఇటూ చెదురుతూ పోగులకు అంటుకుంటాయి. ఈ రెండు విధాలుగానూ పట్టుకోవడం కష్టమైనవి 0.3 మైక్రాన్ల ప్రాంతంలోనివి గనుక పరీక్షను వాటితోనే చేస్తారు. వాటిలోనే 95 శాతాన్ని ఆపితే, అంతకంటే చిన్నవి, పెద్దవి ఇంకా బాగా ఆగుతాయి. ఇక ఆ పోగులకు విద్యుదావేశం ఎక్కించి ఉంటుంది, సబ్బు నీళ్లు, స్పిరిట్ దాన్ని పోగొడతాయి. ఉతికిన మాస్కు చూడటానికి కొత్తదానిలా ఉన్నా ఆపే గుణం పోయి ఉంటుంది. మన ఐఎస్ 9473 ప్రమాణం ప్రకారం వచ్చే మాస్కులపై ఎఫ్ఎఫ్‌పీ1, ఎఫ్ఎఫ్‌పీ2, ఎఫ్ఎఫ్‌పీ3 అని ఉంటుంది, అంకె పెరిగినకొద్దీ వడపోత మెరుగు. రాతి దుమ్ముకు ఎఫ్ఎఫ్‌పీ2 కన్నా తక్కువది నేను తీసుకోనివ్వను. ఎన్ అన్న అక్షరం నూనె తుంపర లేని చోటికే వర్తిస్తుందన్నది లేత్ మిషన్ల దగ్గర పనిచేసేవారు గుర్తుంచుకోవాలి.

అపోహ: ఖరీదైన మాస్కు అయితే ఎవరి ముఖానికైనా సరిపోతుంది.

వాస్తవం: నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. నీరు పల్లం వెదికినట్టు గాలి సందు వెదుకుతుంది. ముక్కు పక్కన అగ్గిపుల్ల పట్టేంత ఖాళీ ఉంటే గాలి ఫిల్టరును తోసుకుని వచ్చే కష్టం పెట్టుకోదు, ఆ ఖాళీలోంచే వస్తుంది. అందుకే 95 శాతం ఆపే ఫిల్టరున్నా, ఫిట్ టెస్ట్ (ముఖానికి అతుకుతోందో లేదో చూసే పరీక్ష) చేసిన, ముక్కు నుంచి గడ్డం దాకా కప్పే సగం ముఖం మాస్కు బయటి దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని మాత్రమే అమెరికా నిబంధనలు లెక్కగడతాయి. ఫిట్ టెస్ట్ చేయని మాస్కుకు ఆ లెక్క కూడా లేదు.

ఫిట్ టెస్ట్ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కార్మికుడి తలపై పారదర్శకమైన హుడ్ తొడిగి, ముందు మాస్కు లేకుండా పలుచని సాకరిన్ ద్రావణం చిమ్మి, తీపి అతనికి తెలుస్తోందో లేదో చూస్తాం. పరీక్షకు ముందు పదిహేను నిమిషాలు టీ, బీడీ, గుట్కా ఏదీ ముట్టకూడదు, ముట్టితే నాలుకకు తీపి తెలియదు, తప్పిన పరీక్ష నెగ్గినట్టు కనిపిస్తుంది. తర్వాత మాస్కు పెట్టించి, చిక్కని ద్రావణం చిమ్ముతూ, మామూలుగా ఊపిరి పీల్చడం, గట్టిగా పీల్చడం, తల పక్కలకు తిప్పడం, పైకీ కిందికీ ఆడించడం, మాట్లాడటం, నడుము వంచడం, మళ్లీ మామూలుగా పీల్చడం అనే ఏడు పనులను ఒక్కొక్కటి నిమిషం చొప్పున చేయిస్తాం. మధ్యలో ఎక్కడ తీపి తగిలినా మాస్కు పనికి రానట్టే.

ఒక పాలిషింగ్ కార్మికుడు మొదటి అయిదూ నెగ్గి, నడుము వంచగానే చెయ్యెత్తి, "తీపి తగులుతోంది సార్" అన్నాడు. అతను రోజంతా చేసేది వంగి చేసే పనే. చూస్తే మాస్కు రెండు పట్టీలూ నడినెత్తి మీదే ఉన్నాయి, కింది పట్టీ చెవుల కిందుగా మెడ మీదికి రావాలని అతనికి ఎవరూ చెప్పలేదు. దాన్ని సరిచేసినా తీపి ఆగలేదు. చిన్న సైజు తెప్పించి పెడితే నెగ్గాడు. అప్పటికి మూడేళ్లుగా ఆ పెద్ద సైజుతోనే పనిచేస్తున్నాడు. ఆడవాళ్లు, సన్నముఖం వాళ్లు ఉన్నచోట ఒక్క సైజు మాత్రమే కొనడం అంటే వాళ్లలో చాలామందికి మాస్కు ఇవ్వకపోవడమే.

ఫిట్ టెస్ట్ ఏడాదికొకసారి, ఇంకా బరువు బాగా మారినా, పళ్లు ఊడినా, కట్టుడు పళ్లు పెట్టుకున్నా, ముఖంపై గాయం మచ్చ కట్టినా చేయాలి. సీల్ చెక్ మాత్రం పెట్టుకున్న ప్రతిసారీ చేసుకోవాలి. ముక్కు మీది పట్టీని ఒక చేత్తో నొక్కితే మధ్యలో గూడులా లేస్తుంది గనుక రెండు చేతుల వేళ్లతో నడిమి నుంచి పక్కలకు అదమాలి. తర్వాత అరచేతులతో మాస్కును కప్పి గాలి వదిలి, పీల్చి, అంచుల్లో ఎక్కడైనా గాలి తగులుతోందేమో చూసుకోవాలి.

అపోహ: కొద్దిపాటి గడ్డం ఉంటే ఏమీ కాదు, పట్టీలు బిగిస్తే సరి.

వాస్తవం: ఒక్కరోజు పెరిగిన గరుకు వెంట్రుకలు కూడా అంచును చర్మానికి ఆననివ్వవు, బిగించినకొద్దీ ముఖం నొచ్చుతుందే గానీ సందు పూడదు. మన దగ్గర కార్తీకం వచ్చిందంటే షెడ్డులో సగంమంది అయ్యప్ప మాలలో ఉంటారు, నలభై ఒక్క రోజులు గడ్డం తీయరు. "స్వామీ, గడ్డం తీయండి" అని నేను ఎన్నడూ అడగలేదు, అడగకూడదు కూడా. ఆ దీక్షాకాలానికి దుమ్ము లేని పనికి మార్చడం, లేదా బ్యాటరీతో గాలి ఊదే వదులు హుడ్ ఇవ్వడం యాజమాన్యం ముందే చూసుకోవలసిన విషయం. మతాచారంగా ఎప్పుడూ గడ్డం ఉంచుకునేవారికీ ఇదే దారి. సాల్వెంట్లు, అంటే త్వరగా ఆవిరయ్యే ద్రావకాలు, ఉన్న చోటికి ఆ బ్యాటరీ పరికరం నిప్పురవ్వ పుట్టని రకమై ఉండాలి.

అపోహ: ఎండాకాలంలో మధ్యమధ్య కాసేపు దించుకుంటే నష్టం లేదు.

వాస్తవం: ఎనిమిది గంటల పనిని 480 నిమిషాలుగా తీసుకోండి. దుమ్మును పదో వంతుకు తగ్గించే మాస్కును ఆసాంతం వేసుకుంటే, 48 నిమిషాలు మాస్కు లేకుండా నిలబడ్డంత దుమ్ము లోపలికి వెళ్తుంది. అందులో 48 నిమిషాలు మాస్కు దించితే ఆ లెక్క 91 నిమిషాలకు చేరుతుంది, అంటే దాదాపు రెట్టింపు. ఉక్కపోతలో మాస్కు భరించడం కష్టమన్నది నిజం. అందువల్ల దించినవాణ్ణి కేకలేయడం కంటే, దుమ్ము లేని చోట నీడ, ఫ్యాను, మంచినీళ్లు పెట్టి గంటకోసారి అక్కడికి పంపడం పనికొస్తుంది.

అపోహ: కార్ట్రిడ్జ్ మాస్కు అన్ని వాయువులనూ ఆపుతుంది, వాసన వచ్చినప్పుడు మార్చుకుంటే చాలు.

వాస్తవం: కార్ట్రిడ్జ్ అంటే వాయువును పట్టి ఉంచే బొగ్గు లాంటి పదార్థం నింపి మాస్కుకు బిగించే డబ్బా. ఏ వాయువుకు ఆ కార్ట్రిడ్జే. రంగు చూసి ఎంచుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మన మార్కెట్లో అమెరికా, యూరప్ పద్ధతులు రెండూ దొరుకుతాయి. తెలుపు అమెరికా పద్ధతిలో ఆమ్ల వాయువులకు, యూరప్ పద్ధతిలో దుమ్ముకు. సాల్వెంట్ల వంటివాటి నుంచి లేచే సేంద్రియ ఆవిర్లకు అమెరికా పద్ధతిలో నలుపు, యూరప్ పద్ధతిలో గోధుమ రంగు. లేబుల్ చదవకుండా రంగును నమ్మితే యాసిడ్ ఆవిరి ముందు దుమ్ము ఫిల్టరుతో నిలబడే ప్రమాదముంది.

వాసనను నమ్మడం అంతకంటే చెడ్డది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో వంద వంతులు) దగ్గర ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన పోయింది కదా అని మనిషి ఊరట పడే క్షణమే అపాయకరమైన క్షణం. మందుల పరిశ్రమలో రోజూ వాడే మిథనాల్, డైక్లోరోమీథేన్‌లు మామూలు బొగ్గు కార్ట్రిడ్జ్‌లో ఎక్కువసేపు నిలవవు. రెండోది దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది, మే నెలలో మన షెడ్ల వేడి అంతకు తక్కువేం కాదు. వాటికి బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే పరికరమే తగినది. మిగిలిన ఆవిర్లకు కార్ట్రిడ్జ్ మార్చే గడువును గాలిలోని మోతాదు, తేమ, వేడి లెక్కగట్టి ముందే రాసి పెట్టుకోవాలి. సాల్వెంట్ డ్రమ్ము పక్కన మేకుకు మాస్కు వేలాడదీసి ఇంటికి వెళ్లడం ఎన్నో చోట్ల చూశాను. రాత్రంతా ఆ కార్ట్రిడ్జ్ ఆవిరి పీలుస్తూనే ఉంటుంది, తెల్లవారి దాన్ని వేసుకునేవాడికి మిగిలేది కొంతే.

అపోహ: ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగేటప్పుడు మంచి కార్ట్రిడ్జ్ మాస్కు వేసుకుంటే భయం లేదు.

వాస్తవం: ఫిల్టరు గాలిని వడకడుతుంది, ఆక్సిజన్‌ను పుట్టించలేదు. మామూలు గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే ఏ వడపోత మాస్కూ పనికి రాదు. నైట్రోజన్ నింపిన రియాక్టర్‌లో (రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్ర) ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పవచ్చు. చాలాకాలం మూసి ఉంచిన ఇనుప ట్యాంకులో తుప్పే ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఇలాంటి చోట ఒకడు పడిపోతే కాపాడబోయిన రెండోవాడూ, మూడోవాడూ చనిపోయిన వార్తలు మనం ఏటా చదువుతున్నాం.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే దీనికి దారి చెప్పారు. అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదకరమైన వాయువు లేదని రాతపూర్వకంగా ఇవ్వాలి. లేదంటే దిగేవాడు తగిన శ్వాస పరికరం ధరించి, నడుముకు బెల్టు, దానికి తాడు కట్టుకోవాలి, ఆ తాడు కొస బయట ఉన్న మనిషి చేతిలో ఉండాలి. నేను గాలిని కొలిచే మీటరును పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా దించి చూడకుండా లోపలికి దిగే పర్మిట్ ఇవ్వను, పరీక్షలో గాలి బాగుందని తేలినా తాడును మాత్రం తీసేయనివ్వను. తాడు పట్టుకున్నవాడికి ఆ సమయంలో మరో పని చెప్పకూడదు. లోపలి మనిషి పలకకపోతే తాడు లాగాలి, కేక వేయాలి, తాను మాత్రం దిగకూడదు. ఈ మూడు మాటలూ అతని నోటితో చెప్పించుకున్నాకే పర్మిట్ మీద సంతకం పెట్టిస్తాను.