పార్కింగ్ లాట్ ప్రశ్న వెనక ఉన్న కథ

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు పిల్లలు ఉండే పీజీల్లో శుక్రవారం రాత్రి ఎవరో ఒకరు పార్కింగ్ లాట్ గీస్తూ కనిపిస్తారు. తెల్లారితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో మెషీన్ కోడింగ్ రౌండ్. పార్కింగ్ లాట్‌కో, లిఫ్టుకో, స్నేహితుల మధ్య ఖర్చులు పంచే యాప్‌కో గంటన్నరలో క్లాసులు (ఒక్కో రకం వస్తువుకు కోడ్‌లో రాసే నమూనాలు) రాసి చూపించాలి. ఆ తర్వాత ‘ఇందులో సాలిడ్ సూత్రాలు ఎక్కడ పాటించావు, ఏ ప్యాటర్న్ వాడావు’ అని అడుగుతారు. సాలిడ్ అంటే కోడ్‌ను ఎలా విడగొట్టాలో చెప్పే ఐదు సూత్రాలు; ప్యాటర్న్ అంటే మళ్లీమళ్లీ వచ్చే సమస్యకు కుదిరిన పరిష్కారం. మొన్న అనంతపురం కుర్రాడొకడు ఆ ఐదు సూత్రాలూ నాకు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. “రెండోది ఎందుకు పుట్టింది?” అని అడిగాను. “నోట్సులో అది లేదన్నా” అన్నాడు.

తప్పు వాడిది కాదు. ఈ సూత్రాలు ఎవరి కష్టంలోంచి వచ్చాయో మాకూ ఎవరూ చెప్పలేదు.

కథ ఓస్లోలో మొదలైంది. 1960ల్లో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు, బయటి లోకంలోని క్యూలనూ రాకపోకలనూ కంప్యూటర్లో నడిపి చూడడానికి ఒక భాష తయారుచేశారు. దాని తర్వాతి రూపమే సిమ్యులా 67. క్లాసు, ఆ నమూనాతో తయారయ్యే ఆబ్జెక్టు, ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసును పుట్టించడం అప్పటికే అందులో ఉన్నాయి. బండ్లు, ఖాళీలు, వరసలు ఉండే పార్కింగ్ లాట్ లెక్క ఆ ఇద్దరికీ బాగా తెలిసిన రకమే. తర్వాత జెరాక్స్ పరిశోధన కేంద్రంలో అలన్ కే బృందం స్మాల్‌టాక్ అనే భాష చేసింది. బెల్ ల్యాబ్స్‌లో స్ట్రౌస్ట్రప్ మొదలుపెట్టిన సి ప్లస్ ప్లస్ 1985లో మార్కెట్లోకి వచ్చింది, 1995లో జావా వచ్చింది. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది.

దొరకనిది, నా దృష్టిలో మొత్తం కథకు ఇరుసులాంటిది, 1972లో డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన చిన్న పేపర్. అది ఆబ్జెక్టుల గురించి రాసింది కాదు. కొన్ని వాక్యాలు తీసుకుని, ఒక్కో వాక్యంలోని మాటలను ముందు నుంచి వెనక్కి తిప్పుతూ, వచ్చినవన్నీ అక్షరక్రమంలో పెట్టి అచ్చువేసే ఇండెక్స్ ప్రోగ్రాం ఆయన ఉదాహరణ. దాన్ని రెండు రకాలుగా ముక్కలు చేసి చూపించాడు. మొదటిది అందరూ చేసేదే: చదవడం ఒక ముక్క, తిప్పడం ఒక ముక్క, వరస పెట్టడం ఒక ముక్క, అచ్చువేయడం ఒక ముక్క. రెండో పద్ధతిలో పని వరసను పక్కనపెట్టి, రేపు ఏ నిర్ణయం మారే అవకాశం ఉందో దాన్ని ఒక్కో ముక్కలో దాచాడు. ఆ తర్వాత, వాక్యాలను మెమరీలో పెట్టే తీరు మారితే ఏమవుతుందని చూశాడు. మొదటి పద్ధతిలో అన్ని ముక్కలనూ తెరవాల్సి వచ్చింది. రెండోదానిలో ఒక్కదాన్ని తెరిస్తే చాలు.

ఈ తేడా నాకు 2017లో ఒళ్లు హూనమయ్యాక తెలిసింది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక ఆఫీసులో బిల్లింగ్ కోడ్ చూసేవాణ్ని. జూలై 1 నుంచి జీఎస్టీ. మా కోడ్‌లో పన్ను లెక్క బిల్లు వేసేచోట ఒకటి, ప్రింటు తీసేచోట ఒకటి, సరుకు వెనక్కి వస్తే డబ్బు తిరిగిచ్చే దగ్గర ఇంకొకటి, నెలాఖరు రిపోర్టులో మరొకటి ఉండేది. ప్రతిచోటా రాష్ట్రం పేరుతో ఇఫ్, ఎల్స్ ఇఫ్ (ఇదైతే ఇలా, అదైతే అలా). అది రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. మూడుచోట్ల మార్చాం, నాలుగోది మరిచిపోయాం. అమ్మిన బిల్లులో ఒక పన్ను, వాపసు బిల్లులో ఇంకో పన్ను పడ్డాయి. ఆ రెండు నెలల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పన్ను రేట్లు మారతాయని తెలియనిదెవరికి? 2025 సెప్టెంబర్ 22న మళ్లీ మారాయి కదా.

బెంగళూరుకు ఈ సంగతి మిగతా ఊళ్లకంటే ఎక్కువ పట్టాలి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ కేంద్రం తెరిచింది. ఆ తర్వాత, 2000 వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని లోకం భయపడిన వైటూకే రోజుల్లో మనవాళ్లు బతికింది, ఎక్కడో ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌లో రెండంకెల సంవత్సరాలను వెతికి సరిచేసే పని మీద. మెయింటెనెన్స్ ప్రాజెక్టు అనే మాట ఈ ఊళ్లో ఇంటింటి మాట. ఒకరు రాసింది ఇంకొకరు మార్చడమే మన అన్నం. డిజైన్ సూత్రాలన్నీ ఆ రెండోమనిషి కోసం పుట్టినవే.

రెండో సూత్రం సంగతికొస్తే, కొత్త అవసరం వచ్చినప్పుడు నడుస్తున్న కోడ్‌ను కదపకుండా పక్కన కొత్తది చేర్చగలగాలని 1988లో తన పుస్తకంలో చెప్పినవాడు బెర్ట్రాండ్ మేయర్. మూడోదాని వెనక బార్బరా లిస్కోవ్ 1987లో చేసిన ప్రసంగం ఉంది. వారసత్వాన్ని, అంటే ఒక క్లాసు నుంచి ఇంకోదాన్ని పుట్టించడాన్ని, ఇష్టమొచ్చినట్టు వాడేవాళ్లకు అది హద్దు చూపించింది. బ్యాంకు ఖాతా అనే క్లాసు నుంచి ఎఫ్‌డీని పుట్టించారనుకోండి. డబ్బు తీసే ఫంక్షన్‌ను పిలిస్తే ఎఫ్‌డీ ఎర్రర్ విసురుతుంది. అంటే ఖాతా ఇచ్చిన మాట ఎఫ్‌డీ నిలబెట్టుకోలేదు. ఆ వారసత్వం అక్కడే చెల్లదు. ఐదు సూత్రాలనూ ఒకచోట చేర్చి ప్రచారం చేసింది రాబర్ట్ మార్టిన్. వాటి మొదటి అక్షరాలను సాలిడ్ అనే మాటగా పేర్చింది మైకేల్ ఫెదర్స్.

ప్యాటర్న్స్ దారి వేరు. అవి ఇళ్లు కట్టేవాళ్ల దగ్గర నుంచి వచ్చాయి. ఊళ్లలో, ఇళ్లలో మళ్లీమళ్లీ ఎదురయ్యే సమస్యలకు కుదిరిన పరిష్కారాలను క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్ట్ 1977లో పుస్తకంగా తెచ్చాడు. ఆ ఆలోచనను 1987లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ ప్రోగ్రాముల్లోకి తీసుకొచ్చారు. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ 23 ప్యాటర్న్‌లతో పుస్తకం వేశారు. అప్పటికే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో కనిపించినవాటికి వాళ్లు పేర్లు పెట్టారు. వారసత్వం కంటే ఆబ్జెక్టులను కలిపి వాడుకోవడమే మేలని అందులోనే రాశారు, మన నోట్సుల్లో ఆ వాక్యం ఎందుకో జారిపోయింది. 1996లో పీటర్ నార్విగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, 23లో 16 ప్యాటర్న్‌లు లిస్ప్ లాంటి భాషల్లో చాలా తేలికైపోతాయనో, అసలు కనిపించకుండా పోతాయనో చూపించాడు. ఒక క్లాసుకు ఒకే ఆబ్జెక్టు ఉండేలా చూసే సింగిల్టన్ ప్యాటర్న్‌ను జాబితాలోంచి తీసేయాలని ఉందని 2009లో గామాయే అన్నాడు. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా రాయించేవాటిలో అదీ ఒకటి, అదే నాకు బాధ.

అనంతపురం కుర్రాడి పార్కింగ్ లాట్ దగ్గరికి మళ్లీ వెళ్లాం. బైకుకు ఇంత, కారుకు ఇంత అని ఇఫ్‌లు పెట్టుకున్నాడు. “శని, ఆదివారాలకు వేరే రేటు పెడితే ఎక్కడెక్కడ మార్చాలి?” అన్నాను. స్క్రీన్ మీద వేలు పెట్టి వెతికాడు. టికెట్ దగ్గర, గేటు దగ్గర, రోజువారీ వసూళ్ల రిపోర్టులో, మూడుచోట్ల దొరికింది. కాసేపు తల గోక్కుని, రేటు లెక్కను మొత్తం తీసి ఒక చిన్న ఇంటర్‌ఫేస్ (ఏం అడగొచ్చో మాత్రమే చెప్పి, లెక్క ఎలా చేస్తుందో దాచే గుమ్మం) వెనక పెట్టాడు. మామూలు రోజుల రేటుకు ఒక క్లాసు, శని, ఆదివారాల రేటుకు ఒక క్లాసు రాశాడు. మిగతా కోడ్‌లో ఇఫ్‌లన్నీ చెరిపేశాడు.

“అన్నా, నోట్సులో స్ట్రాటజీ ప్యాటర్న్ అని ఉంది, అది ఇదేనా?” అన్నాడు.

“ఇదే” అన్నాను.