ట్యాబ్‌లోని లోలకం, ద్వారబంధానికి కట్టిన లోలకం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు మొన్న బడి నుంచి వచ్చి, భుజాన ఉన్న పుస్తకాల సంచి దించకముందే నన్నొక ప్రశ్న అడిగింది. "జేజినాయనా, ట్యాబ్‌లో లోలకానికి ఎంత బరువు పెంచినా అది ఊగే సమయం మారడం లేదు. నిజంగా కూడా అంతేనా, లేకపోతే ఆ బొమ్మ చేసినవాళ్ళు అట్లా ఊగేటట్టు పెట్టినారా?" ఇంత మంచి ప్రశ్న నేను విని చాలా కాలమైంది. బడిలో పెద్ద తెర మీదా, ట్యాబ్‌లోనూ భౌతిక శాస్త్రం నేర్చుకుంటున్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అడగవలసిన ప్రశ్న కాబట్టి, దాని జవాబును మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆమె చూసినదేమిటో చెబుతాను. తెర పైభాగాన ఒక మేకు, దానికి వేలాడే దారం, దారం చివర ఒక దిమ్మ, పక్కన వరసగా కొన్ని మీటలు. ఒక మీట జరిపితే దారం పొడవు మారుతుంది, ఇంకొకటి జరిపితే దిమ్మ బరువు పెరుగుతుంది, మరొకటి జరిపితే రాపిడి పూర్తిగా పోతుంది. భూమి, చంద్రుడు, గురుగ్రహం అని రాసిన చోట నొక్కి, కావలసిన లోకానికి లోలకాన్ని తీసుకుపోవచ్చు. ఒక మీటరు పొడవున్న లోలకం అటుపోయి ఇటు రావడానికి భూమి మీద దాదాపు 2 సెకన్లు పడితే, చంద్రుడి మీద దాదాపు 5 సెకన్లు పడుతుంది; గురుగ్రహం మీద ఒకటింపావు సెకను చాలు. 'ఎక్స్ గ్రహం' అని పేరు మాత్రమే ఉన్న చోటు కూడా ఒకటుంది. అక్కడి ఆకర్షణ ఎంతో చెప్పరు. లోలకం ఊగే సమయాన్ని బట్టి మీరే కనిపెట్టాలి. నా చిన్నప్పుడు లోలకమంటే నల్లబల్ల మీద ఒక నిలువు గీత, దాని చివర ఒక సున్న, రెండు పక్కలా రెండు చుక్కల గీతలు. ఆ సున్న ఏనాడూ ఊగలేదు. అందుకే మీ తెరను చూసినప్పుడు నాకు మనసారా సంతోషం కలుగుతుంది.

ఈ పరికరం పేరు 'ఫెట్'. కార్ల్ వీమన్ అనే శాస్త్రవేత్త, మన సత్యేంద్రనాథ్ బోస్ లెక్కల ఆధారంగా ఐన్‌స్టీన్ ఊహించిన ఒక వింత పదార్థ స్థితిని ప్రయోగశాలలో సాధించి, 2001లో నోబెల్ బహుమతి అందుకున్న వారిలో ఒకరు. మరుసటి సంవత్సరం ఆయన ఆ సొమ్ములో కొంత వెచ్చించి, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఈ బొమ్మల పని మొదలుపెట్టారు. వీటికి వెల లేదు, ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ లేని ఊళ్ళోనూ పనిచేస్తాయి.

ఇక ప్రశ్నకు వస్తాను. దానికి జవాబు నాకు మన తోలుబొమ్మలాటలో కనబడుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలును గీకి, అవతలి వెలుగు కనబడేంత పలచన చేసి, రంగులద్ది బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మా చిన్నతనంలో శెనక్కాయ పంట ఇంటికొచ్చాక, ఊరి బయట గుంజలు పాతి, తెల్లపంచె తెరగా కట్టి, వెనక ఆముదపు దీపాలు పెట్టి తెల్లవార్లూ ఆడేవారు. ఒక రాత్రి లంకాదహనం జరుగుతుండగా నేను మెల్లగా తెర వెనక్కి పోయాను. ముందువైపు సముద్రం మీద ఎగిరిన హనుమంతుడు, వెనకవైపు ఒక పెద్దాయన చేతిలోని వెదురుబద్దకు కట్టిన తోలు. ఆయన పాదాల కింద చెక్కపలకలున్నాయి. మేము భయపడిన యుద్ధఘోష అంతా ఆ పలకలదే. బొమ్మ భుజం దగ్గరా, మోచేతి దగ్గరా దారంతో కట్టిన కీళ్ళున్నాయి. కీలున్న చోటే చెయ్యి వంగుతుంది. కీలు లేని చోట ఎంత గొప్ప ఆటగాడైనా వంచలేడు. తెర వెనక చూశాక నాకు ఆట మీద మక్కువ పెరిగిందే గాని తగ్గలేదు.

మీ ట్యాబ్‌లోని లోలకం కూడా తోలుబొమ్మే. దాని వెనక బద్ద పట్టుకొని నిలబడినవాడు న్యూటన్. 1687లో ఆయన అచ్చువేయించిన చలన నియమాలను బట్టి, దిమ్మ ఈ క్షణాన ఎక్కడుండాలో కంప్యూటరు మళ్ళీమళ్ళీ లెక్కకట్టి అక్కడ గీస్తూ పోతుంది. బరువు మారితే సమయం మారకూడదని ఎవరూ విడిగా రాసిపెట్టనక్కరలేదు. నియమం పెడితే చాలు, ఆ ఫలితం దానంతటదే బయటికొస్తుంది. బరువు రెట్టింపైతే భూమి లాగే బలం రెట్టింపవుతుంది, కదలకుండా ఆ దిమ్మ చేసే మొరాయింపు కూడా రెట్టింపవుతుంది. రెండూ సరికి సరి. కాబట్టి "అట్లా పెట్టినారా" అన్న మా మనవరాలి అనుమానంలో కొంత నిజముంది: ఆటగాణ్ణి పెట్టారు, ఆట ఆయనది.

వీడియో పాఠం చూడటమంటే తెర ముందు చాప మీద కూర్చొని చూడటమే. ఈ పరికరంలో బద్ద మీ చేతికే ఇచ్చారు, తేడా అంతా అక్కడే ఉంది. చేతికొచ్చిన బద్దను ఇష్టం వచ్చినట్టు ఆడిస్తే బొమ్మ గంతులు వేస్తుంది, కథ మాత్రం నడవదు. అందుచేత ఒకసారికి ఒక్క మీటే జరపండి, మిగిలినవన్నీ ఉన్నచోటే ఉంచండి. జరిపే ముందు ఏమవుతుందని మీరనుకుంటున్నారో నోటుపుస్తకంలో రాయండి. దారం పొడవు నాలుగు రెట్లు చేస్తే సమయం కూడా నాలుగు రెట్లవుతుందని మా మనవరాలు రాసుకుంది. తీరా చూస్తే 25 సెంటీమీటర్లకు 1 సెకను, మీటరుకు 2 సెకన్లు. తన రాత వంక, తెర వంక ఆ పిల్ల ఎంతసేపు చూసిందో! ముందుగా రాసుకోకపోయి ఉంటే ఆ సంఖ్య ఆమెకు పట్టేదే కాదు. ఇద్దరికి ఒక ట్యాబ్ ఉండటం కొరత అనుకోకండి. ఒకరు మీట జరపాలంటే ఇంకొకరిని ఒప్పించాలి గనుక నోరు విప్పి కారణం చెప్పవలసి వస్తుంది. అయ్యవార్లకు కూడా నాదొక మనవి: పిల్లలు అలా వాదించుకునేటప్పుడు వెంటనే జవాబు చెప్పకుండా కాసేపు ఆగండి.

తోలుబొమ్మలాటలో లంక కాలినా తెర కాలదు. విద్యుత్ వలయాల బొమ్మలో తీగను తిన్నగా బ్యాటరీ రెండు కొనలకూ కలిపితే తెర మీద మంటలు లేస్తాయి, ఎవరి వేలూ కాలదు. అయితే మీ ఇంట్లోని స్విచ్చుబోర్డు తోలుబొమ్మ కాదు, ఆ ప్రయోగం అక్కడ ఎన్నడూ చేయకండి.

బొమ్మలో కీళ్ళు లేని చోట్ల సంగతేమిటన్నది తెలియాలంటే తెర విడిచి రావలసిందే. నేను మనవరాలికి జవాబు చెప్పకుండా పురికొస తెమ్మన్నాను. ద్వారబంధం పైన మామిడాకుల తోరణం కట్టే మేకుకు పురికొస కట్టి, చివర తాళంకప్ప తగిలించాము. మేకు నుంచి తాళంకప్ప నడిమి దాకా ఒక మీటరు. ఒక్క ఊపును కొలిస్తే గడియారం నొక్కే వేలి ఆలస్యమంతా దాని మీదే పడుతుంది, అందుకని పది ఊపులు లెక్కబెట్టమన్నాను. 20 సెకన్లు వచ్చింది. తాళంకప్ప విప్పి, అదే కొసకు కిలో తూనికరాయి కట్టగానే 21 సెకన్లకు దగ్గరయింది. "చూడు, బరువు పెరిగితే సమయం పెరిగింది, ట్యాబ్ తప్పు!" అని గంతులేసింది. టేపు పెట్టి చూడమన్నాను. బరువుకు పురికొస సాగింది, ముడి బిగిసింది, రాయి నడిమి భాగం నాలుగు వేళ్ళు కిందికి దిగింది. పొడవును మళ్ళీ మీటరుకు సరిచేసి ఊపితే మళ్ళీ 20. పురికొస సాగుతుందని ట్యాబ్‌కు తెలియదు, ఆ కీలు దానికి పెట్టలేదు. బరువుకూ సమయానికీ సంబంధం లేదన్న మాటను ఆమె ఇప్పుడు ఎవరి చేతా చెప్పించుకోనక్కరలేదు.

ఇంకొక తేడా కూడా చూశాము. తెర మీద రాపిడి తీసేస్తే లోలకం సాయంత్రం దాకా అదే ఎత్తున ఊగుతుంది. మా తూనికరాయి మేము అన్నాలు తినివచ్చేసరికి నిలిచిపోయింది. కొద్ది కోణంలో ఊగినంతవరకే సమయం స్థిరం. దారాన్ని 60 డిగ్రీల దాకా లాగి వదిలితే, 20 సెకన్ల చోట ఇరవై ఒకటిన్నర అవుతుంది. దీన్ని తెర మీద, రాపిడి లేకుండా చూడటమే మేలు. ద్వారబంధం దగ్గర రాయిని అంత ఎత్తుకు లాగితే ఎవరి మోకాలికో తగులుతుంది.

పెద్దల ఫోను దొరికితే 'ఫైఫాక్స్' అనే యాప్ అడగండి. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వారు 2016లో విడుదల చేశారు, అది కూడా ఉచితమే. ఫోనును గుడ్డసంచిలో భద్రంగా పెట్టి, సంచిని వేలాడదీసి ఊపితే, కదలికను పసిగట్టే లోపలి గ్రాహకాలు (సెన్సర్లు) ఆ ఊపును అలలుగా గీస్తాయి. నా తోలుబొమ్మ పోలిక ఇక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఇక్కడ తెర వెనక ఆటగాడు లేడు. ఊగే వస్తువే తన నడకను తాను రాసుకుంటోంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు.

చివరగా, ఆ తెర మీద ఏ మీటా లేని ప్రశ్న ఒకటి మీకు వదులుతున్నాను. పొడుగాటి ప్లాస్టిక్ సీసా నిండా నీళ్ళు పోసి, మూత తీసి, మెడకు పురికొస కట్టి, వేపకొమ్మకు మూరెడు కింద వేలాడదీయండి. అడుగున సన్నని చిల్లి పెట్టి మెల్లగా ఊపండి. నీళ్ళు కారే కొద్దీ బరువు తగ్గుతుంది. బరువుతో పని లేదని ఇప్పుడే తేల్చుకున్నాం. అలాగని ఊగే సమయం కూడా మారకుండా ఉంటుందా? సీసా నిండుగా ఉన్నప్పుడు, ముప్పాతిక కారినప్పుడు, పూర్తిగా ఖాళీ అయ్యాక పదేసి ఊపులు కొలిచి, మూడు సంఖ్యలూ పక్కపక్కన రాయండి. తూనికరాయి దగ్గర టేపు ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఒకసారి తలుచుకోండి. ఇంతకు మించి నేను చెప్పను. మన అనంతపురంలో నీళ్ళు ఊరికే పోనివ్వరాదు కనుక, కారే నీళ్ళు ఏదైనా మొక్క మొదట్లో పడేటట్టు చూసుకొని మొదలుపెట్టండి. వచ్చిన సంఖ్యలు నాకు రాసి పంపండి.

మీ తాత
అనంతపురం