మట్టినీళ్లను చిన్నచూపు చూడకండి: సముద్ర డాక్యుమెంటరీలపై అపోహలు - వాస్తవాలు

నీటి అడుగున చిత్రీకరణ నా వృత్తి. సముద్రం గురించి వచ్చే డాక్యుమెంటరీలు చూసినవారు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదేపదే వినిపిస్తాయి. వాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది మొదటిది.

అపోహ: నీరు ఎంత తేటగా, నీలంగా ఉంటే అంత జీవం ఉన్నట్టు.

వాస్తవం: చాలాచోట్ల ఇందుకు విరుద్ధం. నడిసముద్రం అంత నీలంగా మెరిసేది పోషకాలూ, వాటితో పెరిగే వృక్ష ప్లవకాలూ (నీటిలో తేలే కంటికి ఆనని మొక్కలు) తక్కువగా ఉండబట్టే. పగడపు దిబ్బల సంగతి వేరు. ఉన్న కాసిని పోషకాలనే అవి మళ్లీమళ్లీ వాడుకుంటాయి. నది సముద్రంలో కలిసేచోట, మడ అడవుల పాయల్లో నీరు పచ్చగానో మట్టిరంగులోనో ఉంటుంది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించవు, కెమెరాకు పని దొరకదు. ఆ నీటిలోనే, మడచెట్ల వేళ్ల సందుల్లో, గోరంత రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పెద్ద చేపల నోటికి చిక్కకుండా పెరుగుతాయి. పగడపు దిబ్బల దగ్గర మనం మురిసిపోయి చూసే చేపల్లో కొన్నిటి బాల్యం ఇక్కడే గడుస్తుంది. పోటు తగ్గి నీరు తీసినప్పుడు మడ్‌స్కిప్పర్ చేపలు మొప్పల గదుల్లో నీరు నింపుకుని, తడి చర్మంతోనూ ఊపిరి తీసుకుంటూ, ముందు రెక్కల మీద బురదలో పాకుతాయి. అంత జీవమున్న పాయలకు తెరమీద రెండు నిమిషాలు దక్కితే గొప్ప. అది అన్యాయమనే అంటాను. తెరమీద చూడని పాయను పూడ్చేస్తామంటే అడ్డుపడేవారూ తక్కువే.

అపోహ: తెరమీద కనిపించే ఆ రంగులన్నీ కంప్యూటర్‌లో పూసినవే.

వాస్తవం: తర్వాత సరిదిద్దడం ఉంటుంది, నిజమే. కానీ నీరు ముందుగా ఎరుపునే మింగేస్తుంది. పది మీటర్ల లోతు దాటేసరికి ఎరుపు దాదాపు ఉండదు. ఇంకా దిగితే వేలు తెగి కారిన రక్తం కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది. లైటు వేస్తే అసలు రంగు బయటపడుతుంది. ఆ లైటును కెమెరాకు ఆనించి పెడితే నీటిలో తేలే ప్రతి నలుసూ తెల్లని చుక్కై మెరిసి దృశ్యాన్ని పాడుచేస్తుంది. అందుకే పొడవాటి కడ్డీలకు బిగించి రెండు పక్కలా దూరంగా ఉంచుతాం.

అపోహ: సముద్రగర్భం నిశ్శబ్దం.

వాస్తవం: ఈ నమ్మకం ఎంత బలమైనదంటే, 1956లో కాన్ చిత్రోత్సవంలో ప్రధాన బహుమతి గెలిచిన, సముద్ర అన్వేషకుడు కూస్తో, దర్శకుడు లూయీ మాల్‌ల చిత్రం పేరే ‘నిశ్శబ్ద ప్రపంచం’. నిజానికి నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1500 మీటర్లు, గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో పోతుంది. వెచ్చని తీరజలాల్లో ఒక రకం చిన్న రొయ్యలు పటకారులాంటి గోళ్లు టపటపలాడించే చప్పుడు ఎడతెగక వినిపిస్తుంది. అయితే చేప తోక ఊపినప్పుడు తెరమీద మీరు వినే సవ్వడి చాలాసార్లు స్టూడియోలో చేసినది. ఆ సంగతి చిత్రం చివర ఒక్క వాక్యంలోనైనా ప్రేక్షకులకు చెప్పాలని నేను పని చేసే ప్రతిచోటా అడుగుతూనే ఉంటాను.