వెలిసిన బొమ్మకు రంగేస్తే బాగుపడుతుందా? కొన్ని అపోహలు – వాస్తవాలు

"సార్, మా గుళ్ళో బొమ్మలు వెలిసిపోయాయి. కాస్త రంగేసిపెట్టాలి. ఎంతవుతుందో చెప్పండి."

శ్రీకాకుళంలో బొమ్మలు వేసుకుని బతికేవాణ్ణి. నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. విజయనగరంలో శిల్పాలు చెక్కే నా మిత్రుడికీ ఇదే గొడవ. తీరిక దొరికితే చాలు, ఇద్దరం స్కెచ్ పుస్తకాలు పట్టుకుని అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, అటు రామతీర్థం అంటూ తిరుగుతుంటాం. దారిలో కనిపించిన చిన్న గుడినీ వదలం. ఆ చిన్న గుళ్ళలో జరుగుతున్నది చూశాకే ఇది రాయాలనిపించింది.

అపోహ: పాత శిల్పానికి, గోడబొమ్మకి కొత్త రంగు వేస్తే ఆయుష్షు పెరుగుతుంది.

తగ్గుతుంది. చాలా వేగంగా తగ్గుతుంది.

రాయి ఎంత గట్టిదైనా తడి పీలుస్తుంది. నేలలోంచి చెమ్మ పైకెక్కుతుంది, వానకి పైనుంచి దిగుతుంది, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలి సరేసరి. ఎండ కాసినప్పుడు ఆ తడి రాతి పైభాగం గుండానే బయటికి పోవాలి. ఎనామిల్ రంగు పూశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. తడి రంగు పొర వెనకే నిలిచిపోతుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు అక్కడే గడ్డకట్టి రాతి పైపొరను లోపలినుంచి బయటికి తోస్తుంది. ఆ పైపొర మీదే కదా శిల్పి పనితనమంతా ఉన్నది! వేలిగోళ్ళు, హారంలో పూసలు, కనురెప్పల గీత, ముందుగా పోయేవి ఇవే.

వంశధార వైపు ఒక పల్లె గుళ్ళో వాకిలి పక్క ద్వారపాలకుడికి పచ్చ ఎనామిల్ కొట్టి ఉంది. మోకాలి దగ్గర అరచేతి మేర రంగు పొక్కి వేలాడుతోంది. కమిటీ పెద్దాయన మమ్మల్ని దగ్గరుండి తిప్పి చూపించి, "ఒగ్గేస్తే రాలిపోతాయి బాబూ, మా తాతలనాటివి. అందుకే అందరం సందాలేసుకుని డబ్బాలు తెచ్చినాం. మీరు సెయ్యేసీండి సాలు" అన్నాడు. ఆ మనిషి కళ్ళలో దిగులు నిజమైనది. ఆయన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మా వాడు మాట్లాడకుండా ఆ పొక్కిన పెచ్చును తీసి, తిరగేసి ఆయన అరచేతిలో పెట్టాడు. ముందువైపు నున్నటి పచ్చరంగు. వెనకవైపు అరమిల్లీమీటరు మందాన రాతిపొడి, అందులో మోకాలి నగ తాలూకు మూడు పూసల అచ్చు. "తాతా, రంగు ఊడలేదు, రాయే ఊడొచ్చింది" అన్నాడు. పెద్దాయన చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

పాత రంగు గీకించి కొత్తది వేయిద్దామని కొందరంటారు. ఇసుక మిషను పెట్టి కడిగిస్తే రాయి మెరుస్తుందని ఇంకొందరు. ఆ మెరుపంతా పైచర్మం లేచిపోయిన మెరుపు. దయచేసి ఆ పని చేయించకండి.

ఇక అక్షరాల సంగతి. శ్రీకూర్మం స్తంభాల మీద శాసనాలు చూసే ఉంటారు. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరి తీర్థుల 1281 నాటి శాసనం అక్కడిదే. ఆయన ఏ కాలంలో ఉన్నారో చరిత్రకారులు గట్టిగా చెప్పగలుగుతున్నారంటే ఇలాంటి రాతి అక్షరాలే ఆధారం. శాసనానికి నకలు తీసేటప్పుడు తడి కాగితం అక్షరపు గుంటలో కూర్చోవాలి. మీ ఊరి గుడి గడప మీద నాలుగు పొరల రంగు నిండిన అక్షరంలో కాగితం ఏం కూర్చుంటుంది? శ్రీముఖలింగం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి అక్కడికి ఎవరూ డబ్బా పట్టుకుని పోలేరు. నా బెంగంతా ఏ జాబితాలోనూ లేని గుళ్ళ గురించే.

గోడబొమ్మలది ఇంకా సున్నితమైన వ్యవహారం. జిగురు కలిపిన రంగుతో ఆరిన గచ్చు మీద వేసిన బొమ్మను తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకే వచ్చేస్తుంది. పైన కొత్త రంగు వేస్తే? శ్రీకూర్మం ప్రదక్షిణ మండపం గోడల బొమ్మల్ని నకలు గీయడానికి కూర్చున్నప్పుడు నాకు అన్నిటికంటే కష్టమైనవి కళ్ళు. ఒక్క ఊపులో లాగిన గీత అది. ఎంత చెయ్యి తిరిగినవాడైనా దాని మీదుగా మళ్ళీ దిద్దితే ఆ చూపు మారిపోతుంది. అందుకే ఇలాంటి పని నేను ఒప్పుకోను, ఎంతిస్తామన్నా సరే. వెలిసిన బొమ్మలో పాత చిత్రకారుడు ఇంకా ఉన్నాడు, దిద్దిన బొమ్మలో ఉండడు.

సున్నం కొట్టిన పాత గోడ పెచ్చులూడి లోపల ఎర్రగీతో నల్లగీతో కనిపిస్తే గోటితో కూడా గీకకండి. ఫొటో తీసి పురావస్తు శాఖకు రాయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: సహజ రంగులు ఎన్నటికీ వెలవవు. ఏ సహజ రంగు? జేగురు, పసుపు మట్టి, సున్నం లాంటి ఖనిజ రంగులు నిలుస్తాయి. ఆకులు, పూలు, బెరళ్ళ నుంచి తీసిన వాటిలో చాలా రంగులు ఎండ తగిలితే పోతాయి.

అపోహ: ఇంట్లోని ఆయిల్ పెయింటింగ్‌ను బంగాళాదుంప ముక్కతో రుద్దితే తళతళలాడుతుంది. ఈ వీడియో ఎవరు మొదలెట్టారో గానీ నాకు విసుగొచ్చేసింది. కూరలో వేసుకోండి. బొమ్మకి మెత్తటి పొడి బ్రష్షు చాలు, అదీ రంగు పెచ్చులు లేవకుండా ఉంటేనే.

అపోహ: తాతగారి ఫొటోనో పాత బొమ్మనో లామినేట్ చేయిస్తే పదిలం. ఆ వేడి, ఆ జిగురు ఒకసారి అంటుకున్నాక విడదీసే దారి లేదు. అద్దానికి తగలకుండా అట్ట మార్జిన్ పెట్టి ఫ్రేము కట్టించి, ఎండపడని గోడకు తగిలించండి.

అపోహ: సవర బొమ్మలు వార్లీకి నకలు. వార్లీ మహారాష్ట్ర గిరిజనుల బొమ్మల పద్ధతి. అందులో మనిషి ఒళ్ళు రెండు త్రికోణాలు, మొనలు కలిసే చోట నడుము. మన సీతంపేట కొండల్లోని సవర గిరిజనుల బొమ్మల్లో ఆ నొక్కు అంత పదునుగా ఉండదు. ముందు చుట్టూ అంచు గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని గీసి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

అపోహ: ఆర్టు చూడాలంటే హైదరాబాదో మద్రాసో పోవాలి. పేరున్న చిత్రకారుడు వడ్డాది పాపయ్య 1921లో పుట్టింది శ్రీకాకుళంలో. తొలి పాఠాలు చెప్పింది డ్రాయింగ్ మాస్టారైన తండ్రే. ఇంకేం చెప్పను!

రంగు కోసం చందాలు ఇప్పటికే వసూలైపోయాయని ఫోన్ చేసేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకోసం ఈ నాలుగు ముక్కలు. ఆ డబ్బుతో ముందు పైకప్పు కారడం ఆపించండి. వాననీళ్ళు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయించండి. ప్రతి శిల్పానికీ, ప్రతి అక్షరానికీ ఫొటో తీయించండి. చీకట్లో టార్చి పక్కనుంచి వేసి తీస్తే పగలు కనిపించని గీతలు కూడా తేలతాయి. మూలవిరాట్టుకు జరిగే అలంకారం అర్చకుల విషయం, అందులో నేను వేలు పెట్టను. విప్పని డబ్బాల్ని చాలా కొట్లవాళ్ళు వెనక్కి తీసుకుంటారు. షేడ్ కలిపించేసి ఉంటే తీసుకోరు, దాన్ని గేటుకీ కిటికీ కమ్మీలకీ వేయించేయండి.