పగలు మా దగ్గర, రాత్రి అమ్మ దగ్గర: బస్తీ పిల్లల డే సెంటర్ గురించి అపోహలు – వాస్తవాలు

సికింద్రాబాద్‌లో రైలు పట్టాల పక్కన ఉన్న ఒక బస్తీలో, మా చర్చి సంఘం హాల్లో, పదకొండేళ్లుగా పిల్లల డే సెంటర్ నడుపుతున్నాను. ఉదయం ఎనిమిదిన్నరకు తలుపు తీస్తాం, సాయంత్రం ఆరున్నరకు వేస్తాం. నలభై మంది దాకా పిల్లలు వస్తారు. వాళ్ల అమ్మానాన్నల్లో ఎక్కువ మంది పాలమూరు వైపు నుంచి వచ్చిన అడ్డా కూలీలు. కొందరు చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరి అమ్ముకుంటారు. ఈ మధ్య బిహార్, ఒడిశా కుటుంబాలు కూడా పెరిగాయి. చర్చి లోపలా బయటా నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

అపోహ: వీళ్లంతా అనాథ పిల్లలు.

కాదు. మా నలభై మందిలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్లు ఇద్దరే, వాళ్లనూ అమ్మమ్మ చూసుకుంటోంది. మిగతా అందరికీ ఇల్లుంది. రేకుల షెడ్డయినా, టార్పాలిన్ కప్పిన గుడిసయినా అది ఇల్లే. పగటి పూట ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఉండరు, అంతే. అడ్డా మీద నిలబడాలంటే పొద్దున్నే వెళ్లిపోవాలి, పని దొరికితే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఈ మధ్యలో పిల్లాడు ఎక్కడుంటాడు, ఎవరితో తిరుగుతాడు, ఏం తింటాడు? మా పనంతా ఆ గంటల గురించే. సెంటర్ చూడటానికి వచ్చినవాళ్లు పిల్లల ముందే "అనాథాశ్రమం" అంటే నాకు చాలా బాధేస్తుంది. ఆ మాట వింటున్న పిల్లాడి తల్లి ఆ నిమిషంలో ఎక్కడో ఇసుక తట్ట మోస్తూ ఉంటుంది.

అపోహ: చదువు మీద ఇష్టం లేకే స్కూలు మానేస్తారు.

ఐదేళ్ల కిందట ఒక అమ్మాయి రోజూ మా గుమ్మం దాకా వచ్చి నిలబడేది. ఎనిమిదేళ్లుంటాయి. ఎడమ చంకలో ఏడాది తమ్ముడు. లోపలికి రమ్మంటే "వీడు ఏడుస్తడక్కా" అనేది. స్కూల్లో చంటిపిల్లాడితో రావద్దన్నారు, మానేసింది. అంగన్‌వాడీలో ప్రీస్కూలు మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకన్నా చిన్నవాణ్ని పగలంతా ఎవరు చూడాలి? అక్కే చూడాలి. పుస్తకాలు కొనిచ్చినా, యూనిఫాం కుట్టించినా తీరే సమస్య కాదిది.

మా వంటావిడ ఒకరోజు హాలు మూలన దూలానికున్న కొక్కేనికి తన పాత నూలు చీర కట్టి ఉయ్యాల వేసింది. పిల్లాడు పది నిమిషాల్లో నిద్రపోయాడు. ఆ అమ్మాయి వచ్చి పలక ముందు కూర్చుంది. చంకలో తమ్ముడు లేకపోయినా నడుము ఒక పక్కకు వంచే కూర్చుంది. ఎడమ చెయ్యి ఇంకా వాణ్ని ఎత్తుకున్నట్టే మడిచి ఉంది. ఆ చెయ్యి చాపి పలక అంచు పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది.

మగపిల్లల సంగతి వేరు. ఒకబ్బాయి రోజూ తొమ్మిదిన్నరకే నిద్రలోకి జారుకునేవాడు. కొత్తగా వచ్చిన వాలంటీర్ బద్ధకం అనుకుని మందలించింది. తర్వాత తెలిసింది, మున్సిపాలిటీ బండి రాకముందే చెత్తకుండీల దగ్గర సీసాలు, అట్టలు ఏరుకోవాలని తండ్రితో పాటు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడని. ఇప్పుడు మా హాల్లో ఒక పక్క చాపలు పరిచి ఉంటాయి. నిద్ర వచ్చినవాళ్లు పదిన్నర దాకా పడుకోవచ్చు. ఎవరూ లేపరు.

అపోహ: ఇదంతా మతం మార్చడానికే.

దాచకుండా చెప్తాను. నేను క్రైస్తవురాలిని. యేసు ప్రభువు మీద నమ్మకం లేకపోతే ఇన్నేళ్లు ఈ పనిలో ఉండేదాన్ని కాదు. ఉదయం ఎనిమిదింటికి, పిల్లలు రాకముందు, మేం నలుగురం కూర్చుని ఒక్కొక్క పిల్లాడి పేరూ చెప్పుకుంటూ ప్రార్థన చేస్తాం. పిల్లలు వచ్చాక జరిగేది చదువు, తిండి, ఆట. భోజనం ముందు ఒక నిమిషం మౌనంగా ఉంటాం, ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకుంటారు. ముస్లిం పిల్లలు బిస్మిల్లా అంటారు. ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు, సోమవారం, రంగం (అమ్మవారి మాటగా భవిష్యవాణి చెప్పే ఆచారం) చూడటానికి సగం మంది వెళ్లిపోతారు. మంగళవారం వచ్చి, ఈసారి వానలు పడతాయని అమ్మవారు చెప్పిందో లేదో మాకు వివరంగా చెప్తారు. మేం వింటాం.

ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న విద్యాసంస్థల్లో, సంరక్షకుల అంగీకారం లేకుండా మైనర్లను మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగంలోని 28(3) అధికరణం చెబుతుంది. మాది గుర్తింపు ఉన్న స్కూలు కాదు. అయినా దాన్నే మా నియమంగా పెట్టుకున్నాం. మా క్రిస్మస్ కార్యక్రమానికి రావాలంటే తల్లిదండ్రుల సంతకమో వేలిముద్రో ఉన్న చీటీ తేవాలి. రాని పిల్లలకూ అదే కేకు, అదే బిర్యానీ.

ఇదే ప్రశ్న మా సంఘంలో ఇంకోలా వస్తుంది. "బైబిల్ వాక్యం చెప్పకపోతే ఇది దేవుని పని ఎలా అవుతుందమ్మా?" అని పెద్దవాళ్లు బాధతోనే అడుగుతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆకలితో ఉన్న ఏడేళ్ల పిల్లాడు మనం ఏం చెప్పినా ఊ అంటాడు. దాన్ని విశ్వాసం అనుకుంటే దేవుణ్నీ పిల్లాణ్నీ ఇద్దర్నీ తక్కువ చేసినట్టే. కంచం ముందు పెట్టి ప్రార్థన చెయ్యమంటే అది బేరం. ఈ విషయంలో కొందరు పెద్దలకు నా మీద ఇప్పటికీ కోపం ఉంది. అయినా బియ్యం పంపడం మానలేదు, అందుకు వాళ్లకు దండం పెడతాను.

అపోహ: ఫారిన్ డబ్బు బాగా వస్తుంది.

విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి, అందులో పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. మాకు ఆ రిజిస్ట్రేషనే లేదు. మా బియ్యం పిడికెడు బియ్యమే. సంఘంలోని ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు డబ్బాలో వేసి, ఆదివారం తెస్తారు. రోజుకు నాలుగున్నర కిలోలు వండుతాం, సోమవారం మాత్రం ఐదు. ఆదివారం స్కూల్లో మధ్యాహ్న భోజనం ఉండదు, మా సెంటరూ ఉండదు.

అపోహ: ఆధార్, టీసీ లేకపోతే స్కూల్లో చేర్చుకోరు.

చేర్చుకోవాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం, వయసు ధ్రువపత్రం లేదని ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు అడ్మిషన్ నిరాకరించకూడదు. టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా తీసుకోవాలి. పుట్టినతేదీకి అంగన్‌వాడీ రికార్డో, తల్లిదండ్రుల డిక్లరేషనో సరిపోతుంది. ఒక స్కూల్లో మమ్మల్ని మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి ఆ సెక్షన్లు తెలుగులో రాసిన కాగితం తీసుకెళ్లి, గొడవ పడకుండా హెడ్‌మాస్టర్ టేబుల్ మీద పెట్టాను. ఆ రోజే చేర్చుకున్నారు.

అపోహ: ఇబ్బందిలో ఉన్న పిల్లని ఇంటికి తీసుకెళ్లి ఉంచుకుంటే తప్పేముంది?

నేనూ మొదటి ఏడాది ఆ తప్పు చేశాను. తాగొచ్చి కొడుతున్న తండ్రికి భయపడి వచ్చిన అమ్మాయిని రెండు రాత్రులు మా ఇంట్లో ఉంచుకున్నాను. మనసు మంచిదే కావచ్చు, పద్ధతి కాదు. సంరక్షణ అవసరమైన పిల్లల్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతుంది. ముందు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. లైంగిక వేధింపు అని తెలిస్తే ఇంకో ఆలోచనే ఉండకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి, చెప్పకపోవడం నేరం. "కుటుంబం పరువు పోతుంది, పాస్టర్ గారితో సర్ది చెప్పిద్దాం" అనే మాట మా సెంటర్లో వినిపించకూడదు. కొత్తగా చేరిన ప్రతి వాలంటీర్‌కూ ఇది మొదటి రోజే చెప్తాను.

అపోహ: క్రిస్మస్‌కి బొమ్మలు, స్వీట్లు ఇస్తే చాలు.

డిసెంబరులో మాకు కేకులు మిగిలిపోతాయి. జూన్‌లో బడి తెరిచినప్పుడు నోటు పుస్తకాలకు, చెప్పులకు అప్పు చేస్తాం. పుట్టినరోజు జరుపుకోవడానికి వచ్చేవాళ్లను పిల్లల ఫొటోలు తియ్యొద్దని బతిమాలుకుంటాం.

నిజంగా రావాలనిపిస్తే మామూలు రోజుల్లో, సాయంత్రం నాలుగింటికి, వారానికి ఒక్కరోజైనా, మానకుండా రండి. ఎక్కాలు అప్పజెప్పించుకోండి. వచ్చేటప్పుడు ఇంట్లో పాత నూలు చీరలుంటే తీసుకురండి. పట్టుచీరలు, సింథటిక్ వద్దు, పిల్లలు జారిపోతారు. ఇప్పుడు మా హాల్లో నాలుగు ఉయ్యాలలున్నాయి, ఐదోదానికి కొక్కెం కొట్టించాం.